కొండబీడులో తీతువు పిలుపు

పిల్లలూ! తీతువుపిట్టను మీలో చాలామంది చూసే ఉంటారు. చూడకపోయినా దాని కూత తప్పక విని ఉంటారు. చెరువుగట్టున, దున్నిన చేలో, ఊరి చివర బీడులో అది రాత్రనక పగలనక కూస్తూ తిరుగుతుంది. తీతువు ఇంటిమీదుగా కూస్తూ పోతే ఆ ఇంటికి కీడు జరుగుతుందని మన పెద్దవాళ్ళు కొందరు భయపడతారు. నేను బడిపంతులుగా ఉన్న రోజుల్లో, "మాస్టారూ, అది నిజమేనా?" అని పిల్లలు అడగని సంవత్సరం లేదు.

ఆ తీతువుకు దాయాది అయిన పిట్టను, దానితోపాటు మరెన్నో పక్షులను, ఇంగ్లండు దేశపు కొండబీళ్ళలో ఒక రోజంతా చూసే అవకాశం 2025లో నాకు కలిగింది. ఆ ముచ్చట్లు చెబుతాను, వినండి.

మా అమ్మాయి, అల్లుడు షెఫీల్డు నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఈ నగరం ఉక్కుకు పేరు పొందింది. 1913లో హారీ బ్రేర్లీ అనే ఆయన తుప్పుపట్టని ఉక్కును తయారుచేసింది ఇక్కడే. మీరు రోజూ అన్నం తినే స్టీలు పళ్ళెం ఆ ఉక్కు వంశంలోదే. ఉక్కునగరం అనగానే పొగగొట్టాలే మన కళ్ళకు కడతాయి. కాని ఈ నగరపు విస్తీర్ణంలో సుమారు మూడోవంతు, పీక్ డిస్ట్రిక్ట్ అనే జాతీయవనంలో ఉన్నది. బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయవనం అదే; 1951లో ఏర్పడింది.

జాతీయవనం అన్నారు కదా అని అక్కడ దట్టమైన అడవి ఉంటుందనుకోకండి. కొండలమీద కనుచూపు మేర ఒక్క చెట్టు లేని బీడు. ఇంగ్లీషువాళ్ళు దానిని "మూర్" అంటారు. ఎప్పుడూ గాలి, తరచు వాన, నేలంతా తడి. మోకాలెత్తు పెరిగే హెదర్ అనే పొద ఒక్కటే ఆ నేలను కప్పుకొని ఉంటుంది. ఆగస్టులో అది పూసినప్పుడు కొండలన్నీ ఊదారంగు దుప్పటి కప్పుకున్నట్టు కనిపిస్తాయట. నేను చూసింది మార్చిలో. అప్పుడు అంతా గోధుమరంగే.

ఉగాది ఇంకా వారం రోజులు ఉందనగా, ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరాము. నేను, పదేళ్ళ మా మనవడు, మా అమ్మాయి, దారి చూపడానికి వాళ్ళ పక్కింటాయన. ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. చిన్నతనం నుంచి ఆయనకు పక్షులంటే ప్రాణం. మెడలో దుర్భిణి, చేతిలో చిన్న నోటుపుస్తకం, ఎప్పుడూ అవే ఆయన ఆభరణాలు.

మన ఊళ్ళో అప్పటికి మామిడిపిందెలు, వేపపూత, కోయిల కూత. అక్కడ చేతివేళ్ళు కొంకర్లు పోయే చలి. "ఇదేం వసంతం తాతయ్యా! నా ముక్కు గడ్డకట్టింది," అన్నాడు మావాడు.

కాని పక్షులకు వసంతం వచ్చిందని చలి చెప్పదు, పగటివేళ చెబుతుంది. షెఫీల్డులో డిసెంబరు చివర పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. జూనులో దాదాపు పదిహేడు గంటలు ఉంటుంది. మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమవుతాయి. ఇలా రోజురోజుకూ పెరిగే వెలుతురును పక్షి మెదడు గుర్తిస్తుంది. వెంటనే దాని శరీరంలో మార్పులు మొదలవుతాయి: మగపిట్ట పాడుతుంది, ఆడపిట్ట గూటికి చోటు వెదుకుతుంది. చలి తగ్గలేదు కదా అని అవి ఆగవు.

గాలిలో పల్టీలు

ముందుగా రెడ్‌మైర్స్ అనే చోట దిగాము. అక్కడ మూడు మంచినీటి చెరువులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. 1832లో షెఫీల్డులో కలరా వచ్చి 402 మంది చనిపోయారు. ఆ తరువాత నగరానికి మంచి నీళ్ళు ఇవ్వడానికి వీటిని కట్టారు. మొదటిది 1836 నాటిది. చెరువుల చుట్టూ రాతిగోడలు కట్టిన పచ్చికబీళ్ళు, వాటిలో గొర్రెలు మేస్తూ ఉన్నాయి.

గొర్రెల మధ్యనుంచి ఒక పిట్ట లేచింది. "పీ-విట్! పీ-విట్!" అని అరుస్తూ నిటారుగా పైకి పోయింది. పైన ఒక్క క్షణం ఆగి, రెక్కలు విరిగినట్టు పక్కకు ఒరిగి, తలకిందులుగా కిందికి పడింది. మా మనవడు "అయ్యో!" అన్నాడు. నేల ఇంకా నాలుగు మూరలు ఉందనగా అది రెక్కలు సర్దుకొని హాయిగా ఎగిరిపోయింది. ఇదంతా ఆడపిట్ట మెప్పుకోసం, "ఈ చోటు నాది" అని తక్కిన మగపిట్టలకు చెప్పడం కోసం.

దుర్భిణిలోంచి చూస్తే ఆకుపచ్చగా మెరిసే వీపు, తెల్లని పొట్ట, నెత్తిమీద వెనక్కు వంగిన సన్నని నల్లని పింఛం. దానిని వాళ్ళు లాప్‌వింగ్ అంటారు. మన తీతువుకు పింఛం లేదు. కళ్ళముందు ఎర్రని తోలు, కాళ్ళకు పసుపు రంగు ఉంటాయి. అయినా రెండూ ఒకే కుటుంబం. కూతలో గాభరా, ఎగరడంలో హడావుడి, గూడు కట్టే పద్ధతి, అన్నీ ఒకటే.

గూడు అన్నానే గాని, నిజానికి అది గూడే కాదు. నేలమీద చిన్న గుంట, అందులో నాలుగు గడ్డిపోచలు. ఆ గుంటలో నాలుగు గుడ్లు, సన్నని మొనలన్నీ మధ్యకు చేర్చి ఉంటాయి. అలా అమర్చితేనే తల్లి పొట్టకింద నాలుగూ ఇముడుతాయి. గుడ్డు రంగు మట్టిరంగు, దానిమీద నల్లని మచ్చలు. అడుగు దూరంలో నిలబడినా మనిషికి కనిపించదు. చెట్లు లేనిచోట బ్రతికే పక్షికి కనబడకపోవడమే కోట.

కాని ఆ కోట మనిషికి తెలిసిపోయింది. పూర్వం ఇంగ్లండులో ఈ గుడ్లను ధనవంతుల విందులకోసం బుట్టలకొద్దీ ఏరి అమ్మేవారు. పిట్టలు తగ్గిపోసాగాయి. చివరకు 1928లో ఆ గుడ్ల అమ్మకాన్ని ఆపడానికి ఒక చట్టమే చెయ్యవలసి వచ్చింది.

పంచతంత్రంలో టిట్టిభపక్షుల కథ మీకు తెలుసును కదా! టిట్టిభం అంటే తీతువే. సముద్రపు ఒడ్డున అవి గుడ్లు పెడితే సముద్రుడు అలతో ఎత్తుకుపోయాడు. పక్షులన్నీ కలిసి గరుత్మంతుడితో మొరపెట్టుకోగా, విష్ణుమూర్తికి భయపడి సముద్రుడు ఆ గుడ్లను తిరిగి ఇచ్చేశాడు. ఆ కథ చెప్పినవాడు పక్షిని బాగా చూసినవాడై ఉండాలి. తీతువు నిజంగానే నీటి ఒడ్డున, చాటు లేని నేలమీద గుడ్లు పెడుతుంది. ఈ కథ మావాడు పక్కింటాయనకు ఇంగ్లీషులో చెబితే, ఆయన ఎంతో సంతోషించి తన నోటుపుస్తకంలో రాసుకున్నారు.

స్పాంజివంటి నేల

చెరువులు దాటి, పూర్వం బరువులు మోసే గుర్రాలు నడిచిన రాతిబాట వెంట పైకి ఎక్కాము. బాట పక్కన నేల నల్లగా, మెత్తగా ఉన్నది. దీనిని పీట్ అంటారు. ఈ నేల పుట్టుక విచిత్రమైనది. ఇక్కడ స్ఫాగ్నం అనే నాచు పెరుగుతుంది. అది తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని స్పాంజిలాగ పీల్చి పట్టుకుంటుంది. నీరు నిలిచి, గాలి తగలక, చచ్చిన నాచు పూర్తిగా కుళ్ళదు. పొరమీద పొర పేరుకుంటుంది. ఏడాదికి పెరిగేది సుమారు ఒక్క మిల్లీమీటరు. అంటే ఒక మీటరు మందం కావాలంటే వెయ్యి సంవత్సరాలు!

"తాతయ్యా, అంటే మనం రాజరాజనరేంద్రుడి కాలంమీద నిలబడ్డామా?" అన్నాడు మావాడు. చరిత్ర పాఠం బాగానే గుర్తుంది! అవును, ఆయన రాజమహేంద్రవరంలో రాజ్యం చేసింది వెయ్యేళ్ళ కిందటనే.

ఆ వెయ్యేళ్ళ నేలను రెండు వందల ఏళ్ళ పొగ పాడుచేసింది. చుట్టుపక్కల నగరాలలో కర్మాగారాల చిమ్నీలనుంచి వచ్చిన మసి, గంధకం వానతో కలిసి పడి, పీక్ డిస్ట్రిక్ట్ కొండలమీద నాచు చాలామటుకు చచ్చిపోయింది. నాచు పోయినచోట పీట్ ఎండి, వానకు కొట్టుకుపోయింది. ఇప్పుడు ఆ కొండలమీద కొన్నిచోట్ల కాలువలకు చిన్న అడ్డుకట్టలు వేసి, నీరు నిలబెట్టి, నాచు మొక్కలు మళ్ళీ నాటుతున్నారు. పీట్ తడిగా ఉంటే అందులో పురుగులు పుడతాయి. పురుగులు ఉంటే పక్షిపిల్లకు తిండి దొరుకుతుంది. నాచుకూ పక్షికీ ఉన్న చుట్టరికం అదీ!

"గో బ్యాక్! గో బ్యాక్!"

పైకి చేరుకునేసరికి ఎవరో మమ్మల్ని గదిమారు. "గో బ్యాక్! గో బ్యాక్! బ్యాక్, బ్యాక్!" ఉలిక్కిపడి చుట్టూ చూశాము. మనిషి లేడు. హెదర్ పొదల్లోంచి కోడిపెట్టంత పక్షి తలెత్తి చూస్తున్నది. ఇటుకరంగు ఒళ్ళు, కంటిమీద ఎర్రని కనుబొమ్మ. దాని పేరు గ్రౌస్. దాని కూతే అంత. వచ్చినవాళ్ళను వెనక్కు పొమ్మంటున్నట్టే ఉంటుంది.

ఈ గ్రౌస్ ఏడాది పొడుగునా కొండమీదనే ఉంటుంది. మంచు పడినా దిగదు. హెదర్ లేత చిగుళ్ళే దానికి అన్నం. కాలివేళ్ళదాకా ఈకలు ఉంటాయి, మేజోళ్ళు తొడిగినట్టు. ఆగస్టు 12 నుంచి డిసెంబరు 10 వరకు దానిని వేటాడవచ్చునని అక్కడి చట్టం. వేటకోసం కొన్ని బీళ్ళను ప్రత్యేకంగా పెంచుతారు. ఈ వేట ఉండాలా, వద్దా అని ఆ దేశంలో ఎప్పటినుంచో వాదన జరుగుతూనే ఉన్నది.

గ్రౌస్‌ను చూస్తుండగానే ఎక్కడినుంచో సన్నని, దిగులు నిండిన ఈల వినిపించింది. పక్కింటాయన వేలు పెదవులమీద పెట్టుకున్నారు. ఒక దిబ్బమీద పావురమంత పక్షి నిలబడి ఉన్నది. వీపునిండా బంగారు పొడి చల్లినట్టు చుక్కలు. అదే గోల్డెన్ ప్లవర్. ఈ పిట్ట ఒక పెద్ద పుస్తకానికి కారణమయింది. 1951 నవంబరులో ఐర్లండులో సర్ హ్యూ బీవర్ అనే ఆయన వేటలో ఈ పక్షికి గురిపెట్టి తప్పిపోయాడు. ఐరోపాలో వేటాడే పక్షులలో అన్నిటికన్నా వేగంగా ఎగిరేది ఇదేనా, కాదా అని ఆ రాత్రి మిత్రులమధ్య వాదన వచ్చింది. ఏ పుస్తకంలో వెదికినా జవాబు దొరకలేదు. ఇలాంటి ప్రశ్నలకు జవాబులు చెప్పే పుస్తకం ఒకటి ఉండాలని ఆయనకు తోచింది. అలా 1955లో పుట్టినదే గిన్నిస్ రికార్డుల పుస్తకం! గురి తప్పినందువల్ల పిట్టకు ప్రాణం దక్కింది, లోకానికి పుస్తకం దక్కింది.

ఆ కొండ చివర స్టానేజ్ అనే రాతి అంచు మూడు మైళ్ళకు పైగా గోడలాగ సాగి ఉన్నది. దాని అడుగున తిరగలిరాళ్ళు అక్కడక్కడ పడి ఉన్నాయి. పూర్వం అక్కడ చెక్కి, బేరం పోయాక వదిలివేసినవి. ఆ గోడమీద రాళ్ళెక్కే యువకులు తాళ్ళు కట్టుకొని పాకుతున్నారు. ఒకచోట మాత్రం ఎవరూ లేరు. "ఇక్కడ పక్షి గూడు కడుతున్నది. దయచేసి ఈ భాగం ఎక్కవద్దు," అని చిన్న పలక పెట్టి ఉన్నది. ఆ పక్షి రింగ్ ఔజెల్. నల్లని ఒంటిమీద మెడకింద తెల్లని నెలవంక. చలికాలమంతా ఉత్తర ఆఫ్రికా కొండల్లోను, స్పెయిన్‌లోను గడిపి, వసంతంలో ఈ రాళ్ళకు తిరిగి వస్తుంది. ఆ పలక దగ్గర కాపలావాడు లేడు, జరిమానా మాట లేదు. అయినా అక్కడికి వచ్చిన ప్రతివాడూ పలక చదివి, తాడు చుట్టుకొని పక్కకు వెళ్ళడం నేను చూశాను. ఆ రోజు నేను చూసిన మంచి దృశ్యాలలో అది ఒకటి.

గాలికి ఒక బండచాటున కూర్చొని, మా అమ్మాయి తెచ్చిన పులిహోర నలుగురమూ తిన్నాము. పక్కింటాయన రెండోసారి కూడా వడ్డించుకున్నారు.

ఏడు ఈలలు

తిరిగి వస్తూ ఉండగా విన్నాము, ఆ కూతను. మొదట నెమ్మదిగా, దూరంగా "కూర్-లీ... కూర్-లీ..." అని రెండు మూడుసార్లు. తరువాత తొందరగా, ఇంకా తొందరగా, కుండలో నీళ్ళు బుడబుడమన్నట్టు పొంగి, కొండంతా నిండి, మెల్లగా ఆగిపోయింది. బీడుమీద ఒక పెద్ద పక్షి రెక్కలు చాపి జారుతూ దిగుతున్నది. ఒళ్ళు గడ్డిరంగు. ముక్కు మాత్రం కొడవలిలాగ కిందికి వంగి జానెడు పొడుగు ఉన్నది!

అదే కర్లూ. ఆ ముక్కు కొనకు స్పర్శజ్ఞానం ఎక్కువ. బురదలోకి లోతుగా గుచ్చి, కంటికి కనపడని పురుగును తాకి పట్టుకుంటుంది. చలికాలమంతా సముద్రతీరపు బురదనేలల్లో ఉండి, గుడ్లు పెట్టడానికి మార్చిలో కొండలకు వస్తుంది. ఇదే జాతి పక్షులు మన కోరింగ మడ అడవుల వద్దకు, కాకినాడ తీరానికీ చలికాలంలో వస్తాయి. అవి ఇంగ్లండువి కావు. ఉత్తర ఆసియా మైదానాలనుంచి వచ్చేవి. ఈసారి చలికాలంలో ఆ తీరానికి వెళితే కొడవలిముక్కు కోసం చూడండి.

పక్కింటాయన చెప్పారు: "మా తాతగారు బొగ్గుగనిలో పనిచేసేవారు. రాత్రిపూట ఈ పిట్టలు ఈల వేస్తూ పోతే, గనివాళ్ళు 'ఏడు ఈలలు' అనుకొని హడలిపోయేవారు. ఏడు పక్షులు కలిసి ఎగురుతూ కూస్తే చావు తప్పదని నమ్మకం. ఆ రోజు గనిలోకి దిగనివాళ్ళు కూడా ఉండేవారు."

నేను ఆశ్చర్యపోయాను. మన తీతువు సంగతి ఆయనకు చెబితే ఆయనా ఆశ్చర్యపోయారు. రెండు దేశాలవాళ్ళూ ఒకరినొకరు చూడకుండానే, నేలమీద గూడు కట్టే పక్షి కూతను చావుకబురు అనుకున్నారు! అర్ధరాత్రి చీకట్లో, మనిషి కనపడనిచోట, ఒక్కసారిగా వినిపించే కూత కనుక భయం వేసి ఉంటుంది. కాని ఆ కూతకు అసలు అర్థం ఏమిటి? రాత్రి తీతువు కూసేది నక్కో, కుక్కో, మనిషో దాని గుడ్లవైపు వస్తున్నప్పుడు. "నా పిల్లలకు ఆపద వచ్చింది," అని అది ఏడుస్తుంటే, "మనకు ఆపద వచ్చింది," అని మనం అనుకున్నాము.

నిజానికి ఆపద వచ్చింది పక్షికే. ప్రపంచంలో గుడ్లుపెట్టే ఈ కర్లూలలో సుమారు నాలుగోవంతు బ్రిటన్‌లో ఉండవచ్చునని అంచనా. 1990ల మధ్యనుంచి ఇప్పటికి అక్కడ వాటి సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. కర్లూకు ఆయుష్షు ఎక్కువే. కొన్ని ముప్ఫై ఏళ్ళు దాటి బ్రతికినట్టు కాలికి వేసిన కడియాలవల్ల తెలిసింది. కాబట్టి బీడులో పెద్ద పక్షులు కనిపిస్తూనే ఉంటాయి. కాని పిల్లలు పెరగడం లేదు. గడ్డిని ముందుగానే కోసే యంత్రాలు, తడినేలలను ఎండగట్టడం, నక్కలు, కాకులు, గొలుసు విప్పిన పెంపుడు కుక్కలు, ఇవన్నీ గుడ్లకూ పిల్లలకూ శత్రువులు. ముసలివాళ్ళు మాత్రమే ఉన్న ఊరు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. కర్లూకు సన్నముక్కు కర్లూ అనే దాయాది ఉండేది. దానిని చివరిసారిగా నిస్సందేహంగా చూసింది 1995లో, మొరాకో దేశపు తీరంలో. ఎంత వెదికినా తరువాత కనిపించలేదు. 2025 అక్టోబరులో, ఆ జాతి ఇక ప్రపంచంలో లేదని అధికారికంగా ప్రకటించారు.

ఆ బీడు ద్వారం దగ్గర ఒక బోర్డు చూశాము. మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్కలను పొట్టి తాడుతో పట్టుకొనే నడిపించాలని చట్టం. ఆ ఐదు నెలలూ నేలమీద గుడ్లు, పిల్లలు ఉంటాయి. మేమూ బాట దిగకుండానే నడిచాము. మావాడు కర్లూను దగ్గరనుంచి చూడాలని పొదల్లోకి ఒక అడుగు వేయబోతే, పక్కింటాయన దుర్భిణి తీసి వాడి మెడలో వేశారు. "నీ కళ్ళను పంపు బాబూ, కాళ్ళను కాదు," అన్నారు.

నీటిమీద నాట్యం

మధ్యాహ్నం అరగంట కారులో ప్రయాణం చేసి, డామ్‌ఫ్లాస్క్ అనే జలాశయం చేరుకున్నాము. అది లోయలో ఉన్నది, కనుక గాలి తక్కువ. ఆ లోయకు ఒక విషాదచరిత్ర ఉన్నది. 1864 మార్చి 11 రాత్రి, ఎగువన కొత్తగా కట్టిన డేల్ డైక్ ఆనకట్ట తెగి, 240 మందికి పైగా కొట్టుకుపోయారు. ఇప్పుడు ఆ నీరు అద్దంలాగ నిశ్చలంగా ఉన్నది.

ఒడ్డున నారాయణపక్షి ధ్యానంలో నిలబడి ఉన్నది. అచ్చం మన చెరువుల్లో ఉండేదే. దానిని చూడగానే మా అమ్మాయి, "నాన్నా, మన ఊరివాళ్ళు కనిపించారు!" అన్నది. నడిమధ్య నల్లకుచ్చు బాతులు పదిదాకా మునుగుతూ తేలుతూ ఉన్నాయి. ఈ జాతి బాతులు చలికాలంలో మన దేశానికీ వస్తాయి.

ఇంతలో రెండు పక్షులు ఎదురెదురుగా ఈదుతూ వచ్చాయి. మన మునుగుడుకోడికి పెద్దన్న అనవచ్చు. సన్నని తెల్లని మెడ, నెత్తిమీద రెండు నల్లని కొమ్ములవంటి ఈకలు, చెంపలకు ఎర్రగోధుమ రంగు జూలు. పేరు గ్రీబ్. రెండూ తలలు అటూ ఇటూ ఊపాయి. ఒకటి ఇటు చూస్తే రెండోది ఇటు, ఒకటి అటు చూస్తే రెండోది అటు. తరువాత రెండూ ఒకేసారి మునిగాయి. లేచేసరికి రెంటి ముక్కులలోను నీటినాచు! దగ్గరకు ఈది, రొమ్ముకు రొమ్ము ఆనించి, నీటిమీద నిటారుగా లేచి నిలబడి, కాళ్ళతో నీటిని తోసుకుంటూ ఊగాయి. పెళ్ళిలో దండలు మార్చుకున్నట్టే ఉన్నది. మావాడు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు.

ఈ అందమే ఒకప్పుడు గ్రీబ్‌కు చావు తెచ్చింది. నూట అరవై ఏళ్ళ కిందట ఐరోపా స్త్రీల టోపీలకు, చేతులు దాచుకునే తొడుగులకు దాని ఈకలు కావాలని అందరూ ఎగబడ్డారు. 1860 ప్రాంతానికి బ్రిటన్ అంతటా యాభై జంటలు కూడా మిగలలేదని చెబుతారు. అప్పుడు దానికి అండగా నిలిచినది రాజు కాదు, సైన్యం కాదు. 1889లో మాంచెస్టరు దగ్గర డిడ్స్‌బరీలో ఎమిలీ విలియంసన్ అనే ఇల్లాలు, "ఇకమీదట మనం ఈకల టోపీలు పెట్టుకోవద్దు," అని స్నేహితురాళ్ళను కూడగట్టి ఒక సంఘం పెట్టింది. నవ్వినవాళ్ళు నవ్వారు. సంఘం పెరిగింది. 1904లో దానికి రాజముద్ర దొరికింది. 1921లో పక్షి ఈకల దిగుమతిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఇప్పుడు బ్రిటన్‌లో గ్రీబ్ జంటలు వేలకొద్దీ ఉన్నాయి. మా ఎదుట నాట్యం చేసిన ఆ రెండూ, ఎవరో పెట్టుకోకుండా వదిలిన టోపీలవల్ల బ్రతికిన పక్షుల మునిమనవలు అన్నమాట!

సముద్రుడిచేత గుడ్లు తిరిగి ఇప్పించడానికి టిట్టిభానికి గరుత్మంతుడు కావలసి వచ్చాడు. ఇక్కడ కొందరు స్త్రీల పట్టుదల ఆ పని చేసింది.

మన బీళ్ళ సంగతి

ఇంగ్లండు కబుర్లు మనకెందుకు అంటారా? మనకూ బీళ్ళు ఉన్నాయి. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు గడ్డిమైదానం బట్టమేకపిట్టకు పుట్టిల్లుగా పేరు పొందింది. మీటరు ఎత్తుండే ఆ పక్షి కూడా నేలమీదనే గుడ్డు పెడుతుంది, సాధారణంగా ఏడాదికి ఒక్కటే. దానికోసమే 1988లో రోళ్ళపాడును అభయారణ్యం చేశారు. అయినా ఇప్పుడు అక్కడ దాని జాడ కరువైంది. దేశం మొత్తంమీద మిగిలినవి రెండు వందలకు లోపే. వాటిలో ఎక్కువభాగం రాజస్థాన్‌లో ఉన్నాయి. "ఊరికే పడి ఉన్న బీడు" అని మనం అనుకునే నేల ఎవరికో ఇల్లు.

బట్టమేకపిట్ట మీకు కనిపించకపోవచ్చు. తీతువు మాత్రం మీ ఊళ్ళోనే ఉన్నది. మార్చి నుంచి వానాకాలం మధ్యదాకా అది గుడ్లు పెట్టే కాలం. మీరు చెరువుగట్టున నడుస్తుంటే ఒక తీతువు నెత్తిమీదికి వచ్చి గోలపెట్టిందనుకోండి. భయపడకండి, రాయి విసరకండి. అక్కడే ఆగి, కాళ్ళ దగ్గర జాగ్రత్తగా చూసుకొని, వచ్చిన దారినే వెనక్కు నడవండి. యాభై అడుగులు పోయి కూర్చుంటే కాసేపటికి అది దిగి, అటూ ఇటూ చూసి, రాళ్ళమధ్య ఒకచోట మెల్లగా కూర్చుంటుంది. అదే దాని గూడు. దగ్గరకు పోవద్దు, గుడ్లు ముట్టవద్దు, చోటు పదిమందికి చెప్పవద్దు. మీ నోటుపుస్తకంలో తేదీ, వేళ రాసుకోండి. దూరంనుంచే రోజూ ఒకసారి చూడండి. సుమారు నాలుగు వారాలలో పిల్లలు బయటికి వస్తాయి. పుట్టిన రోజునే, దూదిపింజల్లాగ, తల్లివెంట పరుగెత్తుతాయి.

ఇంట్లో ఎవరైనా, "తీతువు కూసింది, ఏం కీడో!" అంటే, వాళ్ళతో వాదన పెట్టుకోకండి. "దాని పిల్లల దగ్గరికి ఎవరో వెళ్ళి ఉంటారు నాయనమ్మా," అని నెమ్మదిగా చెప్పండి. వీలైతే దుర్భిణి ఇచ్చి, ఆ గట్టుమీదికి వాళ్ళను కూడా తీసుకుపోయి, తీతువు పిల్లలను చూపించండి.